దర్శి దాకా నాలుగు మైళ్ళు

పట్టాళంలో పదిహేడేళ్ళు చేసొచ్చిన బుల్లయ్యకి ఊళ్ళో దక్కిన మర్యాద ఏమిటయ్యా అంటే, 'బాజా మిలట్రీ' అన్న పేరు. బ్యాండులో డోలు వాయించేవాణ్ణని ఒకసారి నోరు జారాడు పాపం. యుద్ధమొస్తే బ్యాండువాళ్ళు బాజాలు మూలన పెట్టి స్ట్రెచర్లు మోస్తారనీ, డెబ్భై ఒకటిలో బెంగాలు బురదలో తను ఎంతమందిని మోశాడో తనకే తెలీదనీ చెప్పబోతే వినేవాడెవడు? నవ్వుకోవడానికి బాజా చాలు. అతనూ చెప్పడం మానేశాడు. పెళ్ళాం సుబ్బరావమ్మ పెట్టింది తిని, అరుగు మీద కూర్చుని, రోడ్డుకేసి చూస్తూ రెండేళ్ళు గడిపాడు. నిజం చెప్పొద్దూ, ఎందుకు బతికొచ్చానా అనుకునేవాడు.

ఎనభై ఏడులో పత్తి మీద తెల్లదోమ పడింది. ఏ మందు కొట్టినా దోమ చావలేదు. మనుషులు చావడానికి మాత్రం ఆ మందే పనికొచ్చింది. దీపావళి వెళ్ళిన వారానికి వెనకవీధి కోటిరత్నం మొగుడు ఆ మందు తాగాడు. బండి కట్టారు. నల్లరేగడి వానకి నానిందంటే చక్రం ఇరుసు దాకా దిగుతుంది, ట్రాక్టరైనా అంతే. దర్శి ఆసుపత్రి నాలుగే నాలుగు మైళ్ళు. సగం దూరంలోనే ప్రాణం పోయింది. బండి వెనక నడిచిన బుల్లయ్యకి ఒళ్ళు మండిపోయింది. మంచం మీద వేసుకుని పరిగెత్తితే గంటలో పోయుండేవాళ్ళం గదా అని తల కొట్టుకున్నాడు.

మర్నాడే ఏడుగుర్ని పోగేశాడు. మేనత్త గురవమ్మ కొడుకు బాపయ్య అందరికంటే ముందొచ్చాడు. "చేలో ఏముంది బావా చెయ్యడానికి, పరిగెత్తుతా" అన్నాడు. తెల్లవారుజామున నులకమంచం మీద మనిషికి బదులు పత్తిగింజల బస్తా వేసి భుజాలకెత్తుకుంటే, నలుగురు మోస్తూ నలుగురు పక్కన పరుగు. ఫర్లాంగుకోసారి మనుషులు మారాలి, మంచం మాత్రం ఆగకూడదు. ఆ పది రోజులూ మొగుడు మారు అన్నం అడగడం సుబ్బరావమ్మ చూసింది. లోలోపల దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

ఊరు ఊరుకుంటుందా? పదకొండోనాడు గురవమ్మ రోడ్డుకడ్డంగా నిలబడింది.

"ఒరేయ్ బుల్లిగా, బతికున్న మనిషిని నలుగురి భుజాల మీద ఎక్కిస్తావా? నలుగురూ ఎత్తిన మంచం దిగేది కాట్లోనే. నీ పట్టాళంలో చెల్లుతుందేమో, ఇక్కడ చెల్లదు."

"మరెట్లా మొయ్యమంటావు అత్తా?"

"చేతుల్తో పట్టుకోండి. మోకాలెత్తుకి మించనివ్వకండి."

వెనకాల ఊరంతా ఔనంది. చేతుల్తో మోస్తే మంచంకోళ్ళు కాళ్ళకి తగుల్తాయనీ, మైలు తిరక్కుండా పిడికిళ్ళు సడలిపోతాయనీ బుల్లయ్యకి తెలుసు. అయినా పెద్దదాని మాట. అందులోనూ పరుగే వద్దంటారేమోనన్న భయం. సరేలే అత్తా అన్నాడు. ఆ ఒక్క మాటకి తన నాలుక కోసుకున్నా పోయేది.

మరో పదిహేను రోజులకి, మిట్టమధ్యాహ్నం, గురవమ్మ అరుచుకుంటూ వచ్చింది. బాపయ్య చేలో పడున్నాడు, నోట్లో నురగ. రోజూ పక్కన పరిగెత్తినవాడు, పొద్దున కూడా పరిగెత్తి వెళ్ళినవాడు ఒక్క ముక్క చెప్పలేదు.

మిగిలిన ఏడుగురూ మంచం పట్టుకున్నారు. మొదటి మైలు బాగానే పోయారు. రెండో మైల్లో చేతులు జారడం మొదలైంది. దించడం, ఎత్తడం, మళ్ళీ దించడం. పరుగు పోయి నడకైంది.

"భుజాలకెత్తుకుందాం అత్తా," అన్నాడు బుల్లయ్య.

గురవమ్మ రెండు చేతుల్తో మంచంకోడు పట్టుకుంది. "వద్దురా, నీకు దణ్ణం పెడతా. నా కొడుకుని కాటికి మోసినట్టు మొయ్యొద్దురా."

పట్టాళమైతే ఆర్డరు వేసేవాడు. ఆ తల్లి మొహం చూసి వెయ్యలేకపోయాడు.

దర్శి చేరడానికి రెండు గంటలు దాటింది. డాక్టరు కనురెప్ప ఎత్తి చూసి, "ఒక్క అరగంట ముందు తెచ్చుంటే" అన్నాడు. గురవమ్మ పక్కనే ఉంది. వింది.

పోలీసు కాయితాలూ పోస్టుమార్టం కోతలూ అయ్యేసరికి మర్నాడైంది. ఇంటికి తెచ్చేటప్పుడు మాత్రం భుజాల మీదే తెచ్చారు. ఇప్పుడు వద్దనేవాళ్ళెవరు? గంటలో ఊరు చేరారు. ఎంతసేపట్లో వచ్చామని అడిగిన మనిషి లేడు గానీ, ప్రతివాడికీ ఆ లెక్క తెలిసిపోయింది.

బుల్లయ్య మంచాన్ని గోడకి నిలబెట్టేసి మళ్ళీ అరుగెక్కాడు. మారు అన్నం సంగతి సరే, మొదటి ముద్దే దిగలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు, ఇంకా వెలుగు రాకముందే గురవమ్మ వచ్చింది. ఒక్కతే మంచం దించి రోడ్డు మీద వాల్చింది.

"నీ వాళ్ళని పిలవరా."

ఒక్కొక్కరే వచ్చారు. ఆవిడ మంచమెక్కి వెల్లకిలా పడుకుంది. సుబ్బరావమ్మ నోరు నొక్కుకుంది.

"ఎత్తండి. భుజాల మీదకి. బజారు నడుమనుంచి తీసుకుపోండి."

"అత్తా, వద్దు" అన్నాడు బుల్లయ్య.

"నా మూర్ఖత్వానికి బిడ్డని పోగొట్టుకున్నా. ఇంకా నాకేమవుతుందిరా? దర్శి దాకా పోయి నేను ప్రాణాలతో తిరిగొచ్చానంటే, రేపు ఇంకే తల్లీ నీకు అడ్డం రాదు. ఎత్తు."

ఎత్తారు. ముందుకోడు బుల్లయ్యది. బజార్లో తలుపులు తెరుచుకున్నాయి. పీనుగనుకుని ఎవరో శోకాలు మొదలెట్టారు.

"ఆపవే. బతికే ఉన్నా," అంది మంచం మీద నుంచి గురవమ్మ.

ఊరు దాటాక బుల్లయ్య పరుగందుకున్నాడు. ఫర్లాంగు కాగానే మనుషులు మారారు, మంచం ఆగలేదు. పైన ముసలమ్మ వెక్కివెక్కి ఏడుస్తూనే, ఇంకా తొందరగా, ఇంకా తొందరగా అంటోంది.