పోసవ్వ వాకిట్లో సరళ

నేను ఒక నవలను. అలాగని ఏ దుకాణంలోనో అద్దాల బీరువాలో పుట్టాననుకోకండి. వారపత్రికలో వారానికి నాలుగు పేజీల చొప్పున ముక్కలు ముక్కలుగా పుట్టాను. ఆ ముక్కలన్నీ కత్తిరించి, దబ్బనంతో పొడిచి, దారంతో కుట్టి నాకొక ఆకారం తెచ్చింది గంగామణి. పాత క్యాలెండరు కాగితమే నా ఒంటిమీది బట్ట.

కామారెడ్డి దగ్గర చిన్న ఊరు మాది. పోసవ్వ వాకిట్లో ఐదారుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవారు. వాళ్లలో చదువొచ్చింది గంగామణి ఒక్కతికే. ఆమె నన్ను పైకి చదివినంతసేపూ ఆమె వంతు బీడీలు తక్కినవాళ్లు చుట్టిపెట్టాలి. ఈ ఒప్పందం ఎవరు పెట్టారో గానీ, వాళ్ల కడుపు చల్లగుండ!

నా కథలో సరళ అనే కోడలుంది. మొగుడు చెయ్యి చేసుకుంటాడు, అత్త గడప దాటనివ్వదు. ఆ అత్తను పోసవ్వ తిట్టని తిట్టు లేదు.

“దాని నోట్ల మన్నువడ! పొల్లను నాలుగొద్దులు తల్లిగారింటికి తోలితే దాని సొమ్మేం పోతది?”

పక్కనే తలొంచుకుని తునికాకు కత్తిరిస్తున్నది ఎవరనుకున్నారు? పోసవ్వ సొంత కోడలు లత. పుట్టింటి మొహం చూసి ఏడాది దాటింది. మనుషుల సంగతి ఇంతే, నాలో ఉన్న దుఃఖం కనబడ్డంత తొందరగా పక్కనున్న దుఃఖం కనబడదు.

లతకు అక్షరమ్ముక్క రాదు, తన గోడు చెప్పుకునే నోరూ లేదు. సరళ గురించి మాత్రం అడిగేది. ఒకనాడు, “గంగక్కా, సరళకు బువ్వ సయిస్తలేదా? పండుకుంటే గుండె దడదడ కొట్టుకుంటదా?” అంది.

నాలో ఆ మాట ఎక్కడా లేదు. గంగామణి తలెత్తి లతను చూసింది. పోసవ్వ చేతిలో కత్తెర ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆమే కోడలిని పుట్టింటి బస్సెక్కించింది. పొద్దుపోని వాళ్ల కట్టుకథలని నన్ను ఈసడించేవాళ్లు ఆ బస్సును చూడాల్సింది.

తర్వాత ఫోన్లొచ్చాయి. ఎవరి చాట వాళ్ల ఒళ్లో, ఎవరి పాట వాళ్ల చెవిలో. ఇంకొకరి వంతు చుట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది. గంగామణి నన్ను పోసవ్వ ఇంటి గూట్లో పడేసింది.

ఒకనాడు లత నన్ను పట్టుకుని గంగామణి దగ్గరికి పోయింది.

“ఒక్క పేజీ సదువక్కా. సరళ గోస విందాం.”

“ఎప్పటి కథనే గది! ఇంకా యాదికున్నదా?” అని గంగామణి నవ్వింది. ఫోను మీంచి కళ్లు తిప్పలేదు. తిప్పి ఉంటే లత చెంప మీది వాపు కనబడేది. నాకు కనబడింది. ఏం లాభం? ఇన్ని మాటలు కడుపులో పెట్టుకుని కూడా నోరులేనిదాన్ని. ఆ పూట నేను ఏడ్చిన ఏడుపు పగవాళ్లకు కూడా వద్దు.

లత మళ్లీ ఎవరినీ అడగలేదు. అడగడమే కాదు, మాట్లాడడమే మానేసింది.

ఇప్పుడు నేను పొయ్యి పక్కన ఉన్నాను. పొద్దున్నే లత నాలోంచి కాగితం చించి మంట రాజేస్తుంది. ఏ పేజీలో సరళ ఏడ్చిందో, ఏ పేజీలో ఎదురు తిరిగిందో చదువురాని ఆమెకు తెలియదు. సగానికి పైగా కాలిపోయాను.

ఇందాక వాకిట్లో పోసవ్వ ఎవరితోనో మురిసిపోతూ అంది: “మా లత బంగారం. ఎంత కట్టమొచ్చినా నోట్లకెల్లి ఒక్క మాట రాదు.”

లత విన్నది. ఇంకో కాగితం చించింది.