గెడ్డకి దూరంగా సున్నం గొయ్యి

హుకుంపేటకి రెండు మైళ్ల దూరంలో, కొండల్లోంచి పారే గెడ్డ ఒడ్డున గవర్నమెంటు ఆఫీసు వాళ్లకి ఎనిమిది క్వార్టర్లు కట్టాలి. డెబ్బై నాలుగు నాటి సంగతి. సిమెంటు పర్మిట్టు మీద గానీ దొరకని రోజులు. గోడలన్నీ సున్నంతోనే. సాలూరు కంట్రాక్టరు సర్వేశ్వరరావు నన్ను మేస్త్రీగా తెచ్చాడు. నాలుగో తరగతిలో బడి మానేసినవాణ్ణి. నాకు వచ్చిన చదువు తాపీ ఒక్కటే.

కాల్చిన సున్నపురాయిని గోతిలో పోసి నీళ్లు వదిలితే కుతకుత ఉడుకుతుంది. ఎన్ని కడవలు పోసినా తాగేస్తుంది. అందుకని ప్రతి మేస్త్రీ గెడ్డ పక్కనే గొయ్యి తవ్విస్తాడు. మా నాన్న అలాగే చేశాడు. నేనూ అంతే.

మూడేళ్ల కిందట పెదబయలు దగ్గర బడి కట్టినప్పుడు కూడా ఒడ్డునే తవ్వించాను. జ్యేష్ఠంలో ఒక్క వాన పడి, గెడ్డ పొంగి గోతిని కడిగేసింది. తెల్లారి చూస్తే నీళ్లు పాలలా ఉన్నాయి. మైలు పొడుగునా చేపలు, పీతలు, కప్పలు వెల్లకిలా తేలాయి. ఊరివాళ్లు ఒడ్డున నిలబడి చూశారు. నన్నెవరూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇక్కడ గోతికి ముగ్గు పోస్తుంటే సుక్రు వచ్చాడు. ఎగువ ఊరి ముసలాడు.

"ఏటి బాబూ, ఇక్కడ తవ్వుతావా?"

"నీకెందుకు?"

"మొదటి వానకి సేపలు గుడ్లతో గెడ్డెక్కుతాయి. ఈ రాళ్ల సందుల్లోనే పెడతాయి. కొత్త కొర్రలు తినే కొర్రకొత్త పండగెల్లే దాకా మేమే ఆటిని ముట్టుకోం."

"అయితే తవ్వొద్దంటావు."

"నేనెవుణ్ణి బాబూ? తవ్వు. ఆటికి తెలీదు గదా, ఎక్కుతాయి."

వాడు వెళ్లిపోయాక ముగ్గు కాలితో చెరిపేశాను. మూడు వందల గజాల అవతల, గెడ్డ పొంగినా అందని మిట్ట మీద గొయ్యి తవ్వించాను.

సోమవారం లారీల్లో పనికంతా సరిపడే రాయి దిగింది. బుధవారం కంట్రాక్టరు వస్తాడు. చూస్తే, నీళ్లు మోసే కూలి దండగని గొయ్యి ఒడ్డుకి మార్పిస్తాడు. రాయి ఒకసారి తడిస్తే మాత్రం ఇక ఎవడూ ఏమీ చెయ్యలేడు. రెండు నెలలు నీళ్ల కింద నానాలి, కదపకూడదు. ఆడకూలీలందరినీ నీళ్లు మొయ్యడానికి పెట్టాను.

"గెడ్డ ఇక్కడ, గొయ్యి అక్కడ!" అంది రత్నాలు, కడవ దించుతూ. "సేపలకీ నీకూ సుట్టరికమేటి మేస్త్రీ?"

"ఉంది. మా అత్తవారి తరఫు."

"అయితే నీ పెళ్లాం నోరు మెదపదన్నమాట. అదురుష్టం!"

అందరూ నవ్వారు. సాయంత్రానికి రాయంతా ఉడికింది.

బుధవారం సర్వేశ్వరరావు గోతి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"కొండ మీదెట్టీసేవేటయ్యా? బుర్రుందా? ఒడ్డుకి మార్పించు."

"ఉడికిపోయింది బాబూ. ఇప్పుడు కదిపితే గోడలు బీటలిస్తాయి."

సున్నం సంగతి ఆయనకీ తెలుసు. గోతికేసి, తరవాత నాకేసి చూశాడు.

"గొయ్యి కదపకూడదు. సరే. నువ్వు కదలొచ్చు గదా? కొత్త మేస్త్రీ రాగానే బేగి సామాన్లు కట్టు."

పన్నెండు రోజులకి కొత్తవాడొచ్చాడు. ఆ ముందు రోజే మొదటి వాన పడింది. గెడ్డ ఒడ్డంతా ముంచేసింది. నేను ముగ్గు చెరిపిన చోట నడుము లోతు నీళ్లు.

మర్నాడు పొద్దున్న రోడ్డు మీద బస్సు కోసం కూర్చుంటే సుక్రు వచ్చాడు.

"ఎక్కినాయి బాబూ."

"నీళ్లు తెల్లబడ్డాయా?"

"లేదు. ఉత్త బురదే."

"మీ చేపల వల్ల నా పని పోయింది. ఒక్క చేపైనా తెచ్చావా?"

మతిలేనివాణ్ణి చూసినట్టు చూశాడు.

"గుడ్ల సేప బాబూ. ఎవుడు పడతాడు?"

అదీ నిజమే. బస్సొచ్చింది. తాపీ, మట్టపలక సంచీలో ఉన్నాయో లేదో చూసుకుని ఎక్కాను.