మూడు వేషాల అల్లుడు

మా అల్లుడు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే, పాటలు రాస్తాడని చెప్పి మాట మార్చేదాన్ని. అబద్ధమేమీ కాదు. రాసేవాడు, పాడేవాడు. అది ర్యాప్ అని మాత్రం చెప్పేదాన్ని కాదు. మూడు ఆల్బమ్‌లు వచ్చాయి. కుర్రకారు వాటిని చెవుల్లో పెట్టుకుని తిరిగేవారు. రెండోదానిలో నా మీద ఒక పాట ఉంది. పేరు ‘అత్త కత్తెర’. నేను బట్టలు కుట్టి, ఇస్త్రీ చేసి బతికేదాన్ని, ఇక ఆ అత్త ఎవరో మా వీధిలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. అప్పటినుంచి ఒకే ఇంట్లో ఉంటున్నా ఆ మనిషితో అవసరానికి మించి మాట్లాడలేదు.

అలాంటిది, ఒక ఉదయం అల్లుడు స్నానాల గదిలో కుప్పకూలాడు. పక్షవాతం. కాలు నెమ్మదిగా స్వాధీనంలోకి వచ్చింది, కుడి చెయ్యి కొంత వచ్చింది, మాట మాత్రం రాలేదు. మనం చెప్పేది అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నది గొంతు దాటదు.

ఆస్పత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ ఒక కిటుకు చెప్పింది. పాటలకు బుర్రలో వేరే దారి ఉంటుందట. ఆయన పాటలే సగం చెప్పి ఆపమంది, మిగతా సగం ఆయన అందుకుంటాడేమో చూడమంది. మా అమ్మాయి రైలు స్టేషన్లో టికెట్లిచ్చే ఉద్యోగానికి పొద్దున వెళితే సాయంత్రానికి గానీ రాదు. పగలంతా ఇంట్లో ఉండేది నేను, అల్లుడు, నా కుట్టుమిషను. జన్మలో విననని ఒట్టేసుకున్న పాటల్ని చెవులు రిక్కించి వినే పని నాకే పడింది.

మొదటి ఆల్బమ్‌లో అల్లుడు పులి. లోకమంతా తనకు సలాం కొట్టాలంటాడు. ప్రాసలన్నీ పాదం చివరే, రెండు పాదాలకో జత. ‘నా వీధిలో నడిస్తే నేల చూసి నడువు రా, నా పేరు తెలియకుంటే ఇంటికెళ్ళి...’ అని ఆపాను. కుర్చీలో ముడుచుకున్న మనిషి తల పైకెత్తి, “అడుగు రా” అన్నాడు. అల్లుడు నన్ను రా అనడం అదే మొదలు. ఇంకోడైతే చెంప పగిలేది. నేను మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుని తర్వాతి జత అందించాను.

మూడో ఆల్బమ్‌లో పెద్దమనిషి వేషం. గొంతు తగ్గింది, ప్రాస కూడా పాదం చివరినుంచి మొదటికి, రెండో అక్షరానికి జరిగింది. ‘గోడ మీద గడియారం ఆగిపోతే పోనీ’ అని నేనంటే, “నీడలా నీ పక్కన” అని తనే రెండో పాదం ఎత్తుకునేవాడు, ఆ తర్వాత తడబడేవాడు. పెళ్ళానికి చెప్పే ఆ మాట నా కళ్ళలోకి చూసి చెప్పేసరికి నేను కుట్టుమిషను వెనక్కి నక్కాను. ఆ ఆల్బమ్ సంగతి సాయంత్రాలు నువ్వే చూసుకోవే అని మా అమ్మాయికి అప్పగించేశాను.

ఇలా నడుస్తుండగా డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి నిజం చెప్పింది. అల్లుడు పాత పాటలు అప్పజెబుతున్నాడు తప్ప సొంతంగా ఒక్క వాక్యం అనలేదు. ఇక ఆ ఆశ పెట్టుకోకుండా బొమ్మల పలక అలవాటు చేద్దామంది. మంచినీళ్ళు కావాలంటే గ్లాసు బొమ్మ మీద, నొప్పి ఉంటే ఏడుపు మొహం మీద వేలు పెట్టాలి. మా అమ్మాయి తల వంచుకుని సరేనంది. నేను ఒప్పుకోలేదు. అది కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు ఉంది నాకు. బొమ్మ చూపిస్తే పని జరిగిపోయే మనిషి నోరెందుకు తెరుస్తాడు? మీరు మళ్ళీ పరీక్ష చేసేదాకా ఆగండి అని డాక్టరమ్మకు గట్టిగా చెప్పాను. వీధి వీధంతా విన్న పాట పాడిన నోరు, నాకు జవాబు చెప్పకుండా మూతపడడానికి వీల్లేదు.

అప్పుడు మూడు ఆల్బమ్‌లూ పక్కపక్కన పెట్టి విన్నాను. పులికి అందరూ రా. పెద్దమనిషికి లోకంలో ఉన్నది ఒక్కతే. రెండో ఆల్బమ్‌లో అల్లుడు కోతి, కనపడిన ప్రతివాణ్ణీ వెక్కిరిస్తాడు. మూడింట్లోనూ మా ఇంట్లో తిరిగే మనిషి లేడు. ఇంట్లో అతను నోట్లో నాలుక లేనట్టే ఉండేవాడు. అత్తయ్యా, తలుపు గడియ పెట్టాను. అత్తయ్యా, మీ మిషనుకి నూనె వేశాను. ఆ గొంతు ఏ ఆల్బమ్‌లోకీ ఎక్కలేదు, దాన్ని సగం చెప్పి ఆపడానికి నా దగ్గర ఏమీ లేదు.

చివరికి దారి కోతి చూపించింది. కోతి ప్రాసలు పాదం కడుపులో ఉంటాయి, ఎక్కడ ఆపినా వెతుక్కోక తప్పదు. ‘అత్త నోరు కత్తెర, మెత్తగా కోసి, కొత్తగా కుట్టు’. మొదటిసారి దాన్ని నా నోటితో నేనే పాడాను. కోపంగా ఉన్నా, కుట్టు బాగుందని ఒప్పుకోవాలి. తర్వాత దానికి నేనే జవాబు కట్టాను.

“అల్లుడి మాట ముల్లు, మెల్లగా గిల్లు, ఇంట్లో దూరిన...”

అల్లుడు నా వైపు తిరిగాడు. మూతి ఒక పక్కకే వంగింది.

“నల్లి.”

ఆ మాట ఏ పాటలోనూ లేదు. ఇద్దరం కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాం. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఆవిడ కూడా సంతోషించింది, కానీ ప్రాస చెయ్యి పట్టుకుని లాక్కొచ్చిన మాట అది, తనంతట తాను నడిచొచ్చిన వాక్యం కావాలంది. సరే, అదీ చూద్దామన్నాను.

ఆ తర్వాత రోజూ కొత్త పాదాలు కట్టాను. బొత్తాలు కుడుతూ, అంచులు మడుస్తూ, ఇస్త్రీ చేస్తూ కట్టాను. కొన్నిటికి జవాబొచ్చేది, కొన్నిటికి వచ్చేది కాదు. పరీక్ష దగ్గర పడింది. మా అమ్మాయి నాకు తెలియకుండా బొమ్మల పలక కొనుక్కొచ్చి అలమరలో పెట్టింది.

ఆ మధ్యాహ్నం బల్ల మీద ఎవరిదో తెల్ల చొక్కా ఉంది. ఇస్త్రీ చేస్తూనే అల్లుడి వైపు తిరిగి పాడాను.

“పట్టు పట్టిన అత్త, మెట్టు దిగని అత్త, గుట్టుగా అల్లుడి నోరు...”

కట్టో, కుట్టో, ఏదో ఒకటి వస్తుందని ఆశ. రాలేదు. మళ్ళీ పాడాను. అతను నా మొహం చూడటం మానేసి పక్కకు చూస్తున్నాడు. అలసిపోయాడని తెలిసినా పట్టు వదలబుద్ధి కాలేదు. “అల్లుడు గారూ, ఇటు చూడండి. చెప్పేదాకా మిమ్మల్ని లేవనివ్వను” అన్నాను. పెదాలు కదిలాయి, మెడ నరాలు ఉబ్బాయి. ఎడమ చెయ్యి గాల్లోకి లేచింది.

“అత్తయ్యా.” గుటక వేశాడు. “చొక్కా... కాలుతోంది.”

ముందు నేను ప్రాస వెతికాను. ఇన్నాళ్ళ అలవాటు కదా. నా పాదంలో దేనితోనూ అది కలవలేదు. పులి నన్ను అత్తయ్యా అనదు, కోతి అనదు, పెద్దమనిషికి నేను కనపడనే కనపడను. అప్పటికి మాడు వాసన నా ముక్కు దాకా వచ్చింది.

అల్లుడికి చిరాకేసింది. “అత్తయ్యా, కాలుతోంది” అన్నాడు, ఈసారి ఎక్కడా ఆగకుండా.

“కాలనీ, నువ్వు ఇంకోసారి చెప్పు నాన్నా” అన్నాను.