ఎర మెడలో గంట

నేనొక గంటను. గుడిగంటను కాను, బడిగంటను కాను. నేను మోగితే ప్రసాదమూ పెట్టరు, పిల్లల్ని ఇంటికీ వదలరు. ఒక కంచరి పగిలిన తాంబాళాన్ని కరిగించి పోస్తే గొర్రె మెడకు సరిపడా పుట్టాను. నాకు నాలుకైతే పెట్టాడు గానీ, ఎప్పుడు మాట్లాడాలో మాత్రం గొర్రెకే వదిలేశాడు.

సంతలో నన్ను కొన్నది ఈరప్ప. గుట్టల నడుమ మంద కాసుకుంటూ, నాటు తుపాకీతో తోడేళ్ళను వేటాడే మనిషి. ఆయనకు మంచి గురి. ఆయన భార్య సుంకమ్మకు ఆయన మీద మంచి గురి. ఇద్దరూ చెరో ఆచారం నా మెడకు కట్టారు. నాకు మెడ లేదని కూడా చూడలేదు.

ఈరప్పది వేట పద్ధతి. పొద్దు వాలే వేళ ఎర గొర్రెకు నన్ను కట్టి పొదలో కూర్చునేవాడు. అది మేస్తున్నంతసేపూ నేను మోగుతాను. తోడేలు వాసన తగలగానే అది కొయ్యబారిపోతుంది, నేను ఆగిపోతాను. ఆగిన చోటికి తుపాకీ పేలుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా సంగతి వేరు. నా నోరు మూతపడితే ఎవరికో చావు. తోడేలంటే పేరులోనే తోడున్న జంతువు. ఒకటి పడితే రెండోది గుట్ట మీద నిలబడి ఊళ పెట్టేది. ఆ ఊళ నా కంచులోకి దిగి, తెల్లారినా గుయ్యిమంటూనే ఉండేది.

సుంకమ్మది మంద ఆచారం. గంట కట్టిన జీవం చచ్చిపోతే ఆ గంట నోట్లో ఉన్ని కుక్కుతారు. చచ్చినదాని పిలుపు విని మిగతావీ వెంటపోతాయని భయం.

తల్లిలేని ఒక గొర్రెపిల్లను సుంకమ్మ వేలితో పాలు పట్టి పెంచింది. ఓ సాయంత్రం ఆమెకు చెప్పకుండా ఈరప్ప దాన్నే ఎరగా కట్టాడు. తోడేలు వచ్చింది. నేను ఆగాను. తుపాకీలో మందు చెమ్మగిల్లి తుస్సుమంది. పేరుకే మందు, వేళకు అందలేదు. తోడేలు తాడు తెంపి, పిల్లతో పాటు నన్నూ ఎత్తుకుపోయింది.

పొద్దున్నకి గొర్రెపిల్లలో మిగిలింది నేనే. బొరియ ముందు తోడేలు పిల్లలు నా పట్టీని అటూ ఇటూ లాగుతూ ఆడుకుంటున్నాయి. పాలపళ్ళు, తడి ముక్కులు. అంత ముద్దుగా నాతో ఎవరూ ఆడలేదు. మోగాను. ఆ మోత గుట్ట దిగి గుడిసె దాకా వెళ్ళింది.

"నా బిడ్డ బతికే ఉండాది!" అంటూ సుంకమ్మ ఒక పక్క నుంచి గుట్టెక్కింది. పిల్లను తెచ్చి పెళ్ళాం ఒళ్ళో పెడితే తప్ప ఆమె తనతో మాట్లాడదని, ఈరప్ప కొత్త మందు దట్టించి ఇంకో పక్క నుంచి ఎక్కాడు. ఒకరు ఎక్కింది ఒకరికి తెలియదు.

ఆమెను చూసి తోడేలు పిల్లలు బొరియలో దూరాయి. సుంకమ్మ నన్ను ఎత్తుకుంది; ఆమె చేతిలోనూ మోగుతూనే ఉన్నాను. నెత్తుటి పట్టీని చూసింది. ఏడవలేదు. చుట్టూ చెదిరిన ఉన్నిని ఏరి నా నోట్లో కుక్కింది.

నేను ఆగిపోయాను.

అరుద్దామనుకున్నాను. నోటి నిండా ఉన్ని.

పొదల వెనక, ఇక్కడేముందో చూడకుండానే, అలవాటుగా తుపాకీ పేలింది. గుండు నా అంచును చీల్చి, ఆమె చెవి పక్కన బండకు తగిలింది.

"ఎవుర్రా అది?" సుంకమ్మ గొంతు.

ఈరప్ప చేతిలోంచి తుపాకీ జారిపోయింది. "సుంకీ! నువ్వాడ యాడుంటివే!"

చప్పుడు విని కాపరులందరూ పరుగెత్తుకొచ్చారు. "పడిందా తోడేలు?"

"యా తోడేలూ పడల్యా," అంది సుంకమ్మ. "పిల్ల సచ్చిందని నేను గంట మూసినా. గంట ఆగిందని ఈయప్ప పేల్చినాడు. అంతే."

"గంట ఆపేదొకరు, ఆగితే కాల్చేదొకరు. బాగా కుదిరినార్రా!" అన్నాడొక ముసలాయన. నవ్వు రాలేదు, ఆయనకు కూడా.

ఇప్పుడు నేను వాళ్ళ వంటింటి మేకుకు వేలాడుతున్నాను. సుంకమ్మ సంగటి కెలుకుతుంటే గాజులు గలగలమంటాయి. కట్టె ఎగదోయడానికి ఆమె చెయ్యి ఆగిందంటే చాలు, వాకిట్లో ఈరప్ప ఉలిక్కిపడి లేస్తాడు.

"సుంకీ, ఉండావా?"

ఆమె వెంటనే పలకదు. పొయ్యిలోకి చూస్తూ, ఆ గొర్రెపిల్ల పేరు మీద కాసేపు ఊరుకుంటుంది. ఆయన గుమ్మం దాకా వచ్చాకే అంటుంది:

"ఉండాను లే మామా."