పుంటికూర చాటున

"మొక్కకి బూజు పట్టించి నిలబడ్డావేంట్రా, వెధవా!"

ప్రసాద్‌బాబు చెయ్యి లచ్చన్న చెంప మీద చెళ్లుమంది. రెండో చేత్తో మొగ్గను విరిచి అతని మొహం ముందు పెట్టాడు. పైకి పచ్చగా, రాయిలా గట్టిగా ఉంది మొగ్గ. లోపలంతా బూడిదరంగు బూజు. మాగిన తడిగుడ్డ కంపు.

"నేనేం జేద్దు సారూ? సముద్రం గాలే తడిగాలి. పొద్దుగాల ఆకుల మీదికెల్లి నీళ్లు కారుతయ్. చుట్టూ ఉన్న పుంటికూర పీకేస్తే గాలాడుతదని మొత్తుకున్న. వింటిరా?"

"ఆ గోంగూర పీకేస్తే దారినపోయే ప్రతివాడికీ కనబడదూ! నీ తెలివి తగలెయ్య!"

సోహార్ దగ్గర ఖర్జూరం తోట అది. యజమాని మస్కట్‌లో ఉంటాడు. తోటంతా సూపర్‌వైజర్ ప్రసాద్‌బాబు చేతిలోనే. మందుమొక్కలని చెప్పి లచ్చన్న చేత ఆ విత్తనాలు నాటించింది ఆయనే. లచ్చన్న ఊళ్లో చూసిన గంజాయి మనిషిని మించి పెరిగేది, ఆకు సన్నగా ఉండేది. ఇది నడుమెత్తు దాటలేదు, ఆకు అరచేయంత వెడల్పు. ఎక్కడో చలికొండల మీద, ఎండుగాలిలో పెరిగే జాతి. మొగ్గ తొడిగి వాసన కొట్టాకే లచ్చన్నకు విషయం అర్థమైంది. అప్పటికే అతని పాస్‌పోర్టు ప్రసాద్‌బాబు ట్రంకుపెట్టెలో ఉంది.

ప్రసాద్‌బాబు పికప్ ఎక్కి ఊళ్లోకి వెళ్లాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి పికప్ ఒక్కటే తిరిగొచ్చింది. డ్రైవర్ ఖమరుద్దీన్ దిగీ దిగగానే పరుగెత్తుకొచ్చాడు. అతనిదీ జగిత్యాల పక్కే.

"లచ్చన్నా! వాడు పోలీసు ఠాణల గూసున్నడు. గంజాయి వెట్టింది నువ్వేనని చెప్తుండు. జీపేసుకొని వస్తున్నరు!"

"నేనా? ఆయన పంటను ఆయనే పట్టిచ్చుకుంటడా?"

"బూజు వట్టిన పంట వానికెందుకు? సరుకేదని, దొంగచాటుగ కొనే పడవోళ్లు వాని మెడ మీద గూసున్నరు. పోలీసులు పట్కపోయిన్రంటే వాని పానం దక్కుతది. పోయినేడు ఇస్తారిని గిట్లనే ఇరికిచ్చిండు."

ఇస్తారి లచ్చన్న అక్క దేవవ్వ మొగుడు.

"మా బావ పారిపోయిండన్నరు గద!"

"జైల్ల ఉన్నడు."

లచ్చన్న అతని కాలరు పట్టుకుని గుంజాడు. "ఇన్నొద్దులు నీ నోట్ల మన్ను వోసుకున్నవా? ఎవతెనో మరిగి పోయిండని ఊరంతా ఉమ్మేసింది. వాని పేరు మర్చిపొమ్మని మా అక్కకు నేనే రాయిచ్చిన!"

"కొట్టు, భాయ్. నా పాస్‌పోర్టు సుత వాని పెట్టెల్నే ఉంది. భయపడ్డ." ఖమరుద్దీన్ తల వంచుకున్నాడు. "ఇప్పుడైతే ఉరుకు. ఇబ్రికి పొయ్యే లారీ ఎక్కిస్త."

"ఉరికితే తప్పంత నా నెత్తికే సుట్టుకుంటది. పట్టు, పీకుదాం."

కోపమే చేతులకు బలమైంది. పుంటికూర చాటున, ఈతాకు చాప కింద ఉన్న మొక్కల్ని వేళ్లతో సహా పెకలించారు. చెట్లకు ఎరువుగా వేసే ఎండు చేపల గుట్టను తవ్వి అడుగున పూడ్చారు. ఆ కంపు ముందు ఏ వాసనైనా బలాదూరే. చాప తీసి గట్టున ఆరేశారు. లచ్చన్న చేతులకు అంటిన నల్లటి జిగురు మాత్రం ఇసకతో ఎంత రుద్దినా వదల్లేదు.

జీపు వచ్చి ఆగినప్పుడు అతను పుంటికూరకు నీళ్లు పెడుతున్నాడు.

ముందు హవల్దారు అబ్దుల్ వహాబ్ దిగాడు. బలూచీ మనిషి, హిందీ బాగా మాట్లాడతాడు. వెనకే ప్రసాద్‌బాబు.

"అదే మడి, సాబ్. నేనెప్పుడూ ఆ వైపు కాలు పెట్టలేదు. కూలీలు చెప్పుకుంటుంటే చెవిన పడింది, వెంటనే మీ దగ్గరికొచ్చాను" అన్నాడు హిందీలో, ఎంతో వినయంగా.

హవల్దారు పంజాలా చీలిన ఆకును తుంపి వాసన చూశాడు. లచ్చన్న ఇంకో ఆకు తుంపి తన నోట్లో వేసుకుని నమిలాడు.

"కూర, సాబ్. పుల్లగుంటది. తిని చూడు."

హవల్దారు నమిలాడు. మొహం వంకరపోయింది. ఎర్రటి కళ్లతో ప్రసాద్‌బాబు వైపు తిరిగాడు. "ఈ కూర కోసం నన్నింత దూరం తీసుకొచ్చావా?"

లచ్చన్న తెలుగులో అందుకున్నాడు. "ఏంది సారూ, గోంగూర గుర్తువడ్తలేదా? మీ దిక్కు పచ్చడి లేంది ముద్ద దిగదంటిరి! ఎర్కలేకుంటే నన్నడగొద్దా?"

"నోర్ముయ్‌రా!" ప్రసాద్‌బాబు ఊగిపోయాడు. హవల్దారు చెయ్యి పట్టుకుని మడిలోకి లాగాడు. "ఇది కాదు సాబ్! లోపల, మధ్యలో మూడు వరసలు! నడుమెత్తు మొక్కలు, పైన ఈతాకు చాప! పొద్దున కూడా ఉన్నాయి, నేనే..."



హవల్దారు మెల్లగా తన చెయ్యి విడిపించుకున్నాడు. "కాలే పెట్టలేదన్నావు."

"ఆయన రూమ్ చూడు సాబ్" అన్నాడు లచ్చన్న.

తాళం తీయడానికి ప్రసాద్‌బాబు చేతులు రాలేదు. ఖమరుద్దీన్ తలుపును ఒక్క తన్ను తన్నాడు. లోపల దండెం నిండా మొగ్గలు వేలాడుతున్నాయి, బూజు పట్టకముందు ఏరి కోసినవి. తేమ లాగడానికి కింద కిరసనాయిలు స్టవ్ సన్నగా మండుతోంది. ట్రంకుపెట్టెలో విత్తనాల డబ్బా, దాని కింద మూడు పాస్‌పోర్టులు.

మూడోది తెరిచి హవల్దారు అందులోని ఇస్తారి ఫొటోను ప్రసాద్‌బాబుకు చూపించాడు.

"వీణ్ని పట్టుకున్నది నేనే. నా పాస్‌పోర్టు సూపర్‌వైజర్ దగ్గరుంది, ఈ తోటంతా ఆయనదే అని ఏడ్చాడు. లేదని నువ్వు ప్రమాణం చేశావు."

బేడీలు పడ్డాక ప్రసాద్‌బాబు గొంతు మారింది. "లచ్చన్నా, దేశంకాని దేశం. మనం మనం తెలుగోళ్లం, చెప్పరా ఈయనకి!"

"ఇస్తారి ఏ దేశపోడురా?"

లచ్చన్న చెయ్యి లేచింది. ప్రసాద్‌బాబు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. లచ్చన్న ఆ చేత్తోనే అతని చొక్కా పట్టి ఈడ్చుకెళ్లి జీపులో కుదేశాడు. తర్వాత తనూ ఎక్కి ఎదురుగా కూర్చున్నాడు.

"నిన్ను నేను రమ్మనలేదు" అన్నాడు హవల్దారు.

"మా బావ బయటికొచ్చేదాంక నేను దిగ."

హవల్దారు అతని వేళ్లకంటిన నల్లటి జిగురు వైపు చూశాడు. "అక్కడికొస్తే ఆ చేతుల సంగతి కూడా అడుగుతారు."

"అడగనియ్. నాటింది నేనే, పీకింది నేనే, ఏడ పూడ్చిన్నో సుత చెప్త." లచ్చన్న రెండు చేతులూ చాచి ప్రసాద్‌బాబు మొహం ముందు పెట్టాడు. "ఎవడు నాటిచ్చిండో గూడ చెప్త. పోనియ్ సాబ్, బండి."