మెల్పో పెరుగు కుండ

జీతాలూ పింఛన్లూ కోసేసినప్పటి నుంచి లారిసా ఊళ్లో ఏ నాయకుడు కనిపించినా జనం మొహాన పెరుగు కొడుతున్నారు. ఆ ఆదివారం ఎంపీ కరిదాస్ చర్చి మెట్ల మీద దొరికిపోయాడు. ప్లాస్టిక్ డబ్బాలు ఎగిరొచ్చి మొహాన ఫట్‌మని పగిలాయి. వాడు తుడుచుకుని ఇకిలించాడు.

"కొట్టండర్రా, ఒంటికి చలవ!"

గొర్రెలు కాచుకునే మెల్పో, చంకలో మట్టికుండతో, భుజాన సంచితో జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"నువ్వు కూడానా మెల్పో? నీ కొడుకుని ఎత్తుకుని జ్ఞానస్నానం చేయించింది నేనే కదమ్మా!"

"ఆ చెయ్యే సభలో ఎత్తి ఓటేసి మా ఆసుపత్రి మూయించావు కదరా! జబ్బు చేసి పక్క ఊరికి తీసుకెళ్తుంటే వాడు దారిలోనే పోయాడు."

కుండ విసిరింది. నుదురు చిట్లి, తెల్లటి మొహం మీద నెత్తురు ధార కట్టింది. వాడు కూలబడ్డాడు.

పోలీసు అడ్డొచ్చాడు. "పెరుగు కొడితే కొట్టావు, కుండతో సహా ఏంటమ్మా?"

"గొర్రెపాల పెరుగయ్యా, తిరగేసినా కుండ వదలదు."

సంచిలోంచి రెండో కుండ తీసి బోర్లించి చూపించింది. చుక్క రాలలేదు.

"పక్కకు జరుగు నాయనా, వాడింకా కదులుతున్నాడు."