గాల్లో ఆగిన నీళ్ళు

మంత్రసానమ్మ ఏ ఇంటికి పురుడు పొయ్యడానికి వెళ్ళినా, ముందు ఒక గిన్నెలో చల్లటి నీళ్ళు పట్టి పక్కన పెట్టుకునేది. గుడ్డలూ కత్తెరా వేడినీళ్ళూ ఆ తర్వాతే. పుట్టిన బిడ్డ దక్కేలా లేకపోతే ఫాదర్ గారు వచ్చేదాకా ఆగడం కుదరదు కదా! తనే నాలుగు చుక్కలు నెత్తిన పోసి జ్ఞానస్నానం ఇచ్చేసేది. ఊరందరి బిడ్డలకీ ఆ పని చేసిన మనిషికి సొంత మనవడి దగ్గరే అడ్డు తగిలింది.

వాడు తెల్లారుతుండగా పుట్టాడు, నెలలు నిండకుండానే, ఒళ్ళంతా నీలంగా. ఆవిడ గిన్నె ఎత్తి "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున" అంటూ వంచుతోంది. అంతలో కొడుకు తలుపు తన్ని లోపలికొచ్చాడు. మాంసం కొట్టు నడుపుతాడు, కోపం ఎప్పుడూ ముక్కు మీదే. ఇంట్లో జ్ఞానస్నానం ఇస్తున్నారంటే బిడ్డ మీద ఆశ వదులుకున్నట్టేనని అతనికి తెలుసు.

"నా కొడుకుని చంపేస్తున్నావా? వాడు బతుకుతాడు!" అని తల్లి చేతి మీద ఒక్కటి కొట్టాడు. ఆవిడ మణికట్టు పుటుక్కుమంది. గిన్నె ఎగిరి గోడకి తగిలి సొట్టపోయింది. నీళ్ళు మాత్రం కింద పడలేదు. మంచం పైన గాల్లోనే, దోసెడు ముద్దగా ఆగిపోయాయి. బిడ్డ రెండు ఎక్కిళ్ళు పెట్టి పోయాడు.

మధ్యాహ్నానికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చారు. "తల కాస్త వంచు వదినా, నీళ్ళున్నాయి" అని ఒకరికొకరు చెప్పుకుంటూ బిడ్డని చూసి, ఏడ్చి వెళ్ళారు. తర్వాత ఫాదర్ గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. జ్ఞానస్నానం లేని పసివాడు కాబట్టి సమాధుల తోట గోడ బయటే పూడ్చాలట.

"గోడ బయట కుక్కలు తవ్వేస్తాయత్తయ్యా! దేవుడు కూడా వాణ్ణి బయటే ఉంచుతాడా?" అని కోడలు గుండెలు బాదుకుంది.

ఆ మాట విని ఆమె మొగుడు కొట్టులోని కత్తి పట్టుకుని వెళ్ళాడు. ఫాదర్ గారిని కాలర్ పట్టుకుని వీధంతా ఈడ్చుకొచ్చాడు. గదిలో పడేసి మొహం మీద గుద్దాడు. పెద్దాయన పెదవి చిట్లి రక్తం కారింది.

"చెప్పు! నా కొడుకు ఏం పాపం చేశాడు?"

"వాడేం చెయ్యలేదు. ఆ పాపం అందరం పుట్టుకతోనే తెచ్చుకునేది. కడగడానికే ఆ నీళ్ళు. నేను పెట్టిన రూలా బాబూ?"

"జ్ఞానస్నానం మాటలన్నీ అన్నాను ఫాదర్ గారూ," అంది మంత్రసానమ్మ. "గిన్నె వంచినప్పుడు వాడికి ఊపిరుంది."

"నీళ్ళు తగల్లేదు కదమ్మా," అని ఆయన కూడా ఏడ్చేశాడు.

కొడుకు ఆ నీళ్ళ మీద కత్తి వేశాడు. అవి కదల్లేదు. మళ్ళీ వేశాడు, కత్తి అంచు విరిగింది. ఆ విరిగిన కత్తితోనే ఫాదర్ గారి మీదికి దూకాడు. మంత్రసానమ్మ విరిగిన చెయ్యి చాపి అడ్డం నిలబడింది.

"నరుకు! ఇది ఎలాగూ విరగ్గొట్టావు. ఆ నీళ్ళు ఆపింది నువ్వురా వెధవా. నువ్వే దింపు!"

కత్తి చేతిలోంచి జారిపోయింది. రక్తం అంటిన దోసిలి పైకి పట్టాడు. "తప్పైపోయిందమ్మా," అన్నాడు. నీళ్ళు నెమ్మదిగా ఆ దోసిట్లోకి దిగాయి. వాటిని బిడ్డ నెత్తిన పోశాడు.

తెల్లారుతుండగా గిన్నె దాటిన నీళ్ళు కదా, బిడ్డకి ఊపిరున్న ఆ ఘడియని కూడా వెంట తెచ్చుకున్నాయి. బిడ్డ కళ్ళు తెరిచి కెవ్వుమన్నాడు. "ఆమెన్," అన్నాడు ఫాదర్ గారు చిట్లిన పెదవితోనే.

"బతికాడు! చెప్పానా, బతుకుతాడని!"

అప్పటికే మొదటి ఎక్కిలి వచ్చింది. కోడలు భయంతో గోడకి అతుక్కుపోయింది, ఈసారి ఎవర్ని కొడతాడోనని. అతను ఎవర్నీ కొట్టలేదు. బిడ్డని గుండెకి హత్తుకుని "పడుకో నాన్నా, పడుకో" అంటూ రెండో ఎక్కిలి దాకా జోకొట్టాడు. తర్వాత వాణ్ణి తల్లి ఒళ్ళో పెట్టి, మూలనున్న పార అందుకున్నాడు.

"ఎక్కడ తవ్వమంటారు ఫాదర్ గారూ?"

ఆయన నెత్తురు తుడుచుకుని లేచాడు. "గోడ లోపల. పద, నేనూ వస్తాను."